ఇంటి దగ్గర చదువు మొదలై నాలుగు నెలలు: బాబు లెక్కల పుస్తకం చూస్తేనే ఏడుస్తున్నాడు

ఇద్దరి_అమ్మ

అందరికీ నమస్కారం. మా బాబుకి ఎనిమిదేళ్లు, పాపకి ఐదు. బాబు మూడేళ్లు బడికి వెళ్లాడు. మూడో ఏడు వచ్చేసరికి పొద్దున్నే కడుపునొప్పి అనడం, రాత్రిళ్లు ఉలిక్కిపడి లేవడం మొదలైంది. డాక్టర్‌కి చూపిస్తే ఒంట్లో ఏమీ లేదన్నారు. నేనూ మావారూ చాలా రోజులు మాట్లాడుకుని, మేమున్న చోట చట్టం ఏమంటుందో కనుక్కుని, నాలుగు నెలల క్రితం బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నాం.

నేను టైమ్ టేబుల్ వేశాను. తొమ్మిదికి తెలుగు, తొమ్మిదిన్నరకి లెక్కలు, పదింటికి ఇంగ్లీష్. గోడకి బోర్డు పెట్టాను. మొదటి వారం బాగానే గడిచింది. ఇప్పుడు లెక్కల పుస్తకం బయటికి తీస్తేనే కళ్లనీళ్లు పెట్టుకుంటున్నాడు. నిన్న 52లోంచి 27 తీసెయ్యమంటే 35 అని వేశాడు. మళ్లీ చెప్పాను, మళ్లీ 35. మూడోసారి నా గొంతు పెరిగింది. వాడు పెన్సిల్ పడేసి బల్ల కిందకి దూరి కూర్చున్నాడు. రాత్రి వాడు పడుకున్నాక నేనూ ఏడ్చాను.

పాప సంగతి వేరు. దానికి నేనేమీ నేర్పలేదు. అన్న పక్కన కూర్చుని అక్షరాలు పట్టేసింది. రోజంతా 'ఇదేంటి, అదెందుకు' అని అడుగుతూనే ఉంటుంది. ఒకే ఇల్లు, ఒకే అమ్మ. ఒకరు పరుగెడుతున్నారు, ఒకరు ముడుచుకుపోతున్నారు. నేనెక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి.

---

కొత్త_మొలక

మా పాపని వచ్చే ఏడాది బడిలో వెయ్యాలా, ఇంట్లోనే చదివించాలా అని ఆలోచిస్తున్నాం. మీరు రాసింది చదువుతుంటే నాకూ గుండె పట్టేసింది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, నేనూ నేర్చుకుంటాను.

---

నాన్న_నోట్‌బుక్

అమ్మగారూ, ముందు ఒక మాట. రాత్రి ఏడ్చారంటేనే మీ పిల్లాడు మంచి చేతుల్లో ఉన్నాడని అర్థం. మా ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఇద్దరూ చాలా ఏళ్లు ఇంట్లోనే చదువుకున్నారు. పెద్దది ఇప్పుడు పదిహేడేళ్లది.

టైమ్ టేబుల్, బోర్డు, అరగంటకో సబ్జెక్టు. ఏవి చూస్తే వాడికి కడుపునొప్పి వచ్చేదో అవన్నీ ఇప్పుడు ఇంట్లోనే కనిపిస్తున్నాయి. పైగా బడిలో అయితే ముప్పై మందిలో దాక్కోవచ్చు. ఇక్కడ టీచర్ ఎదురుగా వాడొక్కడే.

జాన్ హోల్ట్ అనే అమెరికన్ టీచర్ చాలా ఏళ్లు క్లాసులో పిల్లల్ని దగ్గరగా గమనించాడు. లెక్క గురించి ఆలోచించాల్సిన పిల్లలు టీచర్ మొహం చూసి జవాబు ఊహిస్తున్నారని, తప్పు చెప్తానేమో అన్న భయమే వాళ్ల బుర్రను పట్టేస్తోందని 1964లో రాశాడు. బడులు మారతాయని చాలా కాలం ఎదురుచూసి, చివరికి 1977లో ఇంట్లో చదివించుకునే కుటుంబాల కోసం ఒక పత్రిక మొదలుపెట్టాడు. మీ బాబు మీ మొహమే చూస్తున్నాడు. మూడోసారి గొంతు పెరిగినప్పుడు వాడి తలలో 52 లేదు, 27 లేదు. అమ్మకి కోపం వచ్చిందన్నదొక్కటే ఉంది.

బడి మాన్పించిన పిల్లలకి బడి అలవాట్లు వదిలించుకోవడానికి కొంత కాలం కావాలి. బడిలో గడిపిన ఒక్కో ఏడాదికి ఒక నెల చొప్పున వదిలెయ్యాలని ఇంటి చదువుల వాళ్లు అనుకుంటూ ఉంటారు. ఇది సైన్స్ లెక్కేమీ కాదు, అనుభవం మీద పుట్టిన అంచనా. మీ వాడికి మూడు నెలలు అనుకోండి. మీరు మొదటి రోజు నుంచే క్లాసులు పెట్టేశారు కాబట్టి ఆ విరామం వాడికి దొరకనే లేదు.

---

ఇద్దరి_అమ్మ

మూడు నెలలు ఏమీ చెప్పకుండానా? నాకు ఊపిరాడదండీ. ఇప్పటికే బంధువులందరూ 'వాడు వెనకబడిపోతాడు' అంటున్నారు.

---

నాన్న_నోట్‌బుక్

ఏమీ చెప్పకుండా అంటే ఏమీ జరగకుండా అని కాదండీ. రాత్రిపూట కథ చదివి వినిపించండి. మీరు పని చేసుకుంటుంటే పక్కన ఉండనివ్వండి. మేకు కొట్టడం, టేపుతో కొలవడం, గడియారం చూసి ఎంతసేపైందో చెప్పడం, ఉత్తరం రాయడం. పరీక్ష పెట్టినట్టు ప్రశ్నలు మాత్రం అడక్కండి. 'ఇందులో ఎన్ని ఉన్నాయో చెప్పు చూద్దాం' అనగానే పిల్లలకి అది పాఠమని తెలిసిపోతుంది.

మావాడు మొదటి ఆరు వారాలు పాడైపోయిన గడియారం ఒకటి విప్పి మళ్లీ బిగించడంలోనే గడిపాడు. పళ్ల చక్రాల్లో చిన్నది ఎక్కువసార్లు ఎందుకు తిరుగుతుందని అడిగాడు. పళ్లు లెక్కపెట్టుకుంటూ, తనకి తెలియకుండానే నిష్పత్తుల దగ్గరికి వెళ్లాడు. నేను చేసిందల్లా పక్కన కూర్చోవడం, రాత్రికి ఒక నోట్‌బుక్‌లో ఆ రోజు ఏం చేశాడో మూడు లైన్లు రాసుకోవడం. మీరూ రాసుకోండి. బంధువులు అడిగినప్పుడు ధైర్యం ఇచ్చేది ఆ పుస్తకమే.

---

విశ్రాంత_పంతులమ్మ

అమ్మా, నేను చిన్నక్లాసులకి ముప్పై ఏళ్ల పైన పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇంటి చదువుకి నేను వ్యతిరేకిని కాను. కాకపోతే ఆ 35 దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. అందరూ దాన్ని దాటి వెళ్లిపోతున్నారు.

మీ బాబు తోచింది వెయ్యలేదు. రెండుసార్లూ 35 వచ్చిందంటే వాడి దగ్గర ఒక పద్ధతి ఉంది. ఒకట్ల స్థానంలో 2, 7 ఉన్నాయి. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేశాడు, 5. పదుల్లో అయిదులోంచి రెండు పోతే 3. 'పెద్దదాంట్లోంచి చిన్నది తియ్యాలి' అని ఎవరో చెప్పిన మాటని వాడు నమ్మకంగా పాటించాడు. క్లాసులో ఇలా చేసే పిల్లలు నాకు ఏటా కనిపించేవారు. మీరు మూడోసారి చెప్పినా మళ్లీ 35 వచ్చేదే, ఎందుకంటే వాడి లెక్కలో తప్పేమీ జరగలేదు.

వాడికి అందనిది స్థాన విలువ. 52లో 5 అంటే అయిదు కాదు, అయిదు పదులు. ఇది నోటితో చెప్తే ఎక్కదు. సన్నటి పుల్లలు తీసుకుని పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వెయ్యండి. అయిదు కట్టలు, రెండు విడి పుల్లలు వాడి ముందు పెట్టండి. 'ఇందులోంచి 27 పుల్లలు నాకు ఇవ్వు' అనండి. కాగితం వద్దు, పెన్సిల్ వద్దు. రెండు కట్టలు ఇచ్చేస్తాడు. ఏడు విడి పుల్లలు ఇవ్వాల్సి వచ్చేసరికి వాడి దగ్గర రెండే ఉంటాయి. అక్కడ మీరు మాట్లాడకండి. చెయ్యి వెళ్లి కట్ట విప్పేదాకా ఆగండి. ఒక రోజు పట్టొచ్చు, వారం పట్టొచ్చు.

పిల్లవాడు ఒంటరిగా చెయ్యగలిగేది ఒకటి, పక్కన తెలిసినవాళ్లుంటే చెయ్యగలిగేది ఒకటి. ఆ రెంటి మధ్య ఉన్న జాగాలోనే ఎదుగుదల జరుగుతుందని లెవ్ వైగోట్‌స్కీ అనే రష్యన్ పండితుడు చెప్పాడు. నా సర్వీసంతా ఆ జాగా వెతుక్కోవడంతోనే సరిపోయింది. నాన్న_నోట్‌బుక్ గారు చెప్పిన విరామం ఇవ్వండి, నేను కాదనను. అయితే పక్కన ఉండే పెద్దవాళ్లకి ఏ పుల్ల ఎప్పుడు అందించాలో తెలియాలి. ఊరికే వదిలేస్తే అన్నీ వాటంతటవే వచ్చెయ్యవు.

---

ఇద్దరి_అమ్మ

పంతులమ్మ గారూ, మీ మాటలు చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. వాడు మొండికేస్తున్నాడనుకున్నాను. వాడు నేర్చుకున్న రూల్‌ని బుద్ధిగా పాటించాడని నాకు తట్టనే లేదు. ఇందాక వెళ్లి 'నిన్న అరిచినందుకు సారీ నాన్నా' అని చెప్పాను. ఏమీ అనలేదు గానీ వచ్చి ఒళ్లో కూర్చున్నాడు.

---

ఒక_ప్రశ్న

ఎవరినీ నొప్పించాలని కాదు, నా అనుమానం అడుగుతున్నాను. నచ్చిందే చేసుకుంటూ పెరిగితే నచ్చని పని చేసే ఓపిక ఎప్పుడొస్తుంది? నలుగురిలో మెలగడం ఎలా వస్తుంది? నేనూ బడికి ఏడుస్తూనే వెళ్లాను. కొన్నాళ్లకి అలవాటైంది.

---

నాన్న_నోట్‌బుక్

అడగాల్సిన ప్రశ్నేనండీ. మావాడికి విప్పడం ఇష్టం, బిగించడం ఇష్టం లేదు. కానీ బిగించకపోతే గడియారం తిరగదు. చిన్న మరలు వెతకడం, తప్పు పెట్టి మళ్లీ తియ్యడం, అదంతా నచ్చని పనే. తనకి కావాల్సిన దాని కోసం చేశాడు కాబట్టి చివరిదాకా చేశాడు. ఇంటి పనుల్లో వాటా కూడా ఉంటుంది, అందులో ఇష్టాయిష్టాలు అడగం.

నలుగురితో మెలగడం గురించి మాత్రం నిజం చెప్పాలి. అది ఇంట్లో కూర్చుంటే రాదు. తల్లిదండ్రులు పూనుకోవాలి. ఆటల జట్టు, లైబ్రరీ, వారానికోసారి కలిసే నాలుగు కుటుంబాలు, ఇలా ఏదో ఒకటి గట్టిగా పట్టుకోవాలి. మేము మొదటి ఏడాది దీన్ని తేలిగ్గా తీసుకున్నాం. మా పెద్దది ఒంటరిదైపోయింది, మాకు ఆలస్యంగా తెలిసింది. పద్నాలుగేళ్లప్పుడు 'నేను బడికి వెళ్తాను' అంది. ఆ రోజు నా మనసు చివుక్కుమన్న మాట నిజం. అయినా చేర్పించాం. దాని చదువు దానికి ఏ దారిలో కావాలో దానికి తెలిసిందని ఇప్పుడు సంతోషంగా ఉంది.

---

ఉద్యోగం_ఇల్లు

నేను ఉద్యోగం చేస్తూ ఇంట్లో చదివిస్తున్నాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు రోజుకి ఆరు గంటలు చదివించాలేమోనని భయపడతారు. అవసరం లేదు. బడిలో ఆరు గంటల్లో హాజరు, వరసలు, అందరూ రాసేదాకా ఆగడం, అన్నీ కలిసి ఉంటాయి. ఒకరికి ఒకరు కూర్చుని చేస్తే ఎనిమిదేళ్ల పిల్లాడికి గంట, గంటన్నర కుదురైన పని చాలు. మిగతా రోజంతా వాడిది.

ఇంకో మాట. అలిసిపోయిన రోజు మానెయ్యండి. నేను జ్వరంతో కూడా పాఠాలు చెప్పి, పిల్ల మీద విసుక్కుని, తర్వాత బాధపడిన రోజులున్నాయి. మీవారు కూడా వారంలో రెండు పూటలు పూర్తిగా తన మీద వేసుకోవాలి. 'సాయం చేస్తాను' అంటే చాలదు.

---

కొత్త_మొలక

చట్టం సంగతి ఎవరైనా కాస్త చెప్తారా? ఇద్దరి_అమ్మ గారు ముందే కనుక్కున్నామన్నారు కదా.

---

నాన్న_నోట్‌బుక్

ఇది దేశాన్ని బట్టి పూర్తిగా మారిపోతుందండీ. జర్మనీలో బడికి వెళ్లడం తప్పనిసరి, ఇంటి చదువుని ఒప్పుకోరు. ఇంగ్లండ్‌లో 1996 విద్యా చట్టం ప్రకారం బిడ్డకి తగిన చదువు అందించే బాధ్యత తల్లిదండ్రులది, అది బడిలోనైనా సరే, మరో విధంగానైనా సరే. అమెరికాలో అన్ని రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది. అయితే ఒక రాష్ట్రంలో కబురు కూడా పెట్టక్కర్లేదు, ఇంకో రాష్ట్రంలో ఏటా రికార్డులు చూపించాలి. మీరుండే చోటి నియమం మీరే చదువుకోవాలి. పెద్దయ్యాక రాయాల్సిన పరీక్షకి బయటినుంచి కూర్చునే వీలుందో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి.

---

నెమ్మది_నడక

ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. పిల్లలు సహజంగా నేర్చుకుంటారు, తొందరపెట్టకూడదు అన్న మాటని నేను మనసారా నమ్మాను, ఇప్పటికీ చాలావరకు నమ్ముతాను. కానీ ఆ నమ్మకంతోనే మా అమ్మాయి విషయంలో రెండేళ్లు పోగొట్టుకున్నాను.

ఆరేళ్లకి చదవలేదు, ఫరవాలేదనుకున్నాం. ఏడేళ్లకీ రాలేదు. 'సమయం వచ్చినప్పుడు వస్తుంది' అని అందరికీ చెప్పాను. తనకి కథలంటే ప్రాణం. నేను చదివిన కథ పొల్లు పోకుండా అప్పజెప్పేది, పేజీలు కూడా సరిగ్గా తిప్పేది. చదువుతోందనే అనుకున్నాను. ఎనిమిదిన్నరేళ్లప్పుడు కొత్త పుస్తకం ఇస్తే బొమ్మ చూసి ఊహిస్తోందని అర్థమైంది. మ, య కలిసిపోయేవి. ఒత్తులొస్తే ఆగిపోయేది. 'కమలం'లో మొదటి శబ్దం తీసేస్తే ఏం మిగులుతుందంటే చెప్పలేకపోయేది. చూపించి పరీక్ష చేయిస్తే డిస్లెక్సియా అన్నారు, అంటే తెలివికి లోటు లేకపోయినా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది. మావారి వైపు ఇద్దరికి చిన్నప్పుడు చదవడం కష్టంగా ఉండేదని అప్పుడు బయటపడింది.

మాట్లాడటం వేరు, చదవడం వేరు. మాటని ఏ పసివాడైనా చుట్టూ విని పట్టుకుంటాడు. రాత మనుషులు కనిపెట్టినది, దాని వయసు అయిదు వేల ఏళ్లకి కాస్త ఎక్కువ, అంతే. కొందరు పిల్లలు మీ పాపలా చూస్తూ చూస్తూ పట్టేస్తారు. చాలామందికి ఏ గుర్తు ఏ శబ్దమో వరసగా చూపించాలి. కొందరికి చాలాసార్లు, చాలా ఓపిగ్గా చూపించాలి. తెలుగులో రాసినట్టే పలుకుతాం కాబట్టి ఇంకో తిరకాసుంది. ఇబ్బంది ఉన్న పిల్లలు కూడా కూడబలుక్కుని తప్పుల్లేకుండా చదివెయ్యగలరు, కానీ బాగా నెమ్మదిగా. 'తప్పు చదవట్లేదు కదా' అని మనం గమనించకుండా వదిలేస్తాం.

ఆ తర్వాత రోజుకి ఇరవై నిమిషాలు, ఒక్క రోజు కూడా మానకుండా, నిపుణురాలు చెప్పిన వరసలో చేశాం. ముందు శబ్దాలు, తర్వాత అక్షరాలు, ఒక్కో గుణింతం, చివరికి ఒత్తులు. ఇప్పుడు తనకి పన్నెండేళ్లు. చదువుతుంది, నెమ్మదిగానే అయినా తనంతట తాను పుస్తకం తీసుకుంటుంది. మొన్న నన్ను అడిగింది: "అమ్మా, నాకు రావట్లేదని నీకు తెలుసా అప్పుడు?" తెలియదని చెప్పాను. "నాకు తెలుసు" అంది.

ఇద్దరి_అమ్మ గారూ, మీ బాబు ఎలా చదువుతున్నాడో ఒకసారి కొత్త పుస్తకంతో, పక్కన కూర్చుని మామూలుగా చూడండి. బాగుంటే నిశ్చింత.

---

విశ్రాంత_పంతులమ్మ

అమ్మా నెమ్మది_నడక, ఇది రాసినందుకు నీకు రుణపడి ఉంటాం. ఇలాంటి పిల్లలు నా క్లాసుల్లోనూ ఉండే ఉంటారు. బద్ధకం అనుకుని నేను వదిలేసినవాళ్లు ఎందరో. బడిలో ఉన్నంత మాత్రాన పట్టుకుంటారనేమీ లేదు.

---

ఇద్దరి_అమ్మ

నెమ్మది_నడక గారూ, ఇవాళే చూశాను. కొత్త కథ ఇస్తే తడుముకోకుండా చదివాడు. ఊపిరి పీల్చుకున్నాను. మీ అమ్మాయి అడిగిన మాట మాత్రం నన్ను వదలడం లేదు.

ఇంకో అనుమానం. లెక్కలు చేస్తే స్టిక్కర్ ఇస్తానని ఒక చార్ట్ పెట్టాను. ఉంచాలా, తీసెయ్యాలా?

---

ఉద్యోగం_ఇల్లు

ఇష్టంగా చేసే పనులకి మాత్రం అస్సలు వద్దండీ. 1973లో మార్క్ లెప్పర్, ఇంకో ఇద్దరు పరిశోధకులు చిన్నపిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. స్కెచ్ పెన్నులతో బొమ్మలెయ్యడం బాగా ఇష్టపడే పిల్లల్ని ఎంచుకుని, కొందరికి 'బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం' అని ముందే చెప్పారు, ఇచ్చారు. కొందరికి చెప్పకుండా ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ల తర్వాత ఏ బహుమతీ లేకుండా పెన్నులు ముందు పెడితే, ముందే ఆశ చూపించిన పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగం సేపే బొమ్మలేశారు. ఉన్న ఇష్టమే తగ్గింది. చెప్పకుండా ఇచ్చినవాళ్లకి ఏ నష్టం లేదు.

మా ఇంట్లో కూడా చూశాను. స్టిక్కర్లు పెట్టిన నెలకి మా పాప 'ఈ పుస్తకం చదివితే ఎన్ని ఇస్తావ్' అని అడిగింది. ఆ రోజే తీసేశాను.

---

ఇద్దరి_అమ్మ

*(పద్దెనిమిది రోజుల తర్వాత)*

ఇన్ని రోజులూ రాయలేదు, క్షమించండి. బోర్డు తీసేశాను. టైమ్ టేబుల్ తీసేశాను. స్టిక్కర్ల చార్ట్ కూడా. మొదటి వారం వాడు ఏమీ చెయ్యలేదు. అటూ ఇటూ దొర్లాడు, చెల్లితో గొడవ పడ్డాడు, 'బోర్ కొడుతోంది' అని వందసార్లు అన్నాడు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. రోజుకి పదిసార్లు పుస్తకం తీసిద్దామనుకుని ఆగాను.

రెండో వారం గోడ వారగా చీమల బారు కనిపించింది వాడికి. అంతే, రోజూ అక్కడే. ఒక రోజు తడి వేలితో బారుకి అడ్డంగా రుద్దాడు. చీమలు ఆ గీత దగ్గరికొచ్చి ఆగిపోయి, అటూ ఇటూ తిరిగి, కాసేపటికి మళ్లీ దారి కలుపుకున్నాయి. "అమ్మా, వాటికి దారి కనిపించట్లేదు, వాసన పోయిందేమో" అన్నాడు. నాకూ సరిగ్గా తెలియదు, వెతుకుదామన్నాను. చీమలు నడిచిన చోట వాసన పదార్థం వదులుతాయని, వెనకవి దాన్ని పట్టుకుని వస్తాయని ఇద్దరం కలిసి చదివాం. దారి కలుపుకోవడానికి ఎంతసేపు పడుతుందో గడియారం చూసి కాగితం మీద రాస్తున్నాడు. రాయమని నేను చెప్పలేదు. రెండు గంటలు కదలడు. పిలిచినా పలకడు. ఆపాలా వద్దా అని అప్పుడప్పుడు అనిపిస్తుంది.

---

విశ్రాంత_పంతులమ్మ

ఆపకమ్మా. 1907లో రోమ్‌లో మరియా మాంటిస్సోరి అనే ఇటలీ డాక్టరమ్మ పేద పిల్లల కోసం మొదటి శిశు గృహం తెరిచింది. అక్కడ మూడేళ్ల పాప ఒకతె గుండ్రటి చెక్క దిమ్మెల్ని వాటి గుంటల్లో పెట్టడం, తియ్యడం, అదే పని మళ్లీ మళ్లీ చేస్తోంది. మిగతా పిల్లలతో పాట పాడించినా, ఆ పాపని కుర్చీతో సహా ఎత్తి బల్ల మీద పెట్టినా చేతిలో పని ఆపలేదు. ఆ తర్వాత మాంటిస్సోరి చెప్పిన పద్ధతిలో పిల్లల పనికి మధ్యలో అడ్డు రాకపోవడం పెద్ద నియమం. క్లాసులో గంట కొట్టగానే నేనే ఎన్నోసార్లు అలాంటి పనుల్ని ఆపించాను.

పుల్లల కట్టలు ఏమయ్యాయి? మళ్లీ 52, 27 ఇచ్చావా?

---

ఇద్దరి_అమ్మ

ఇవ్వలేదు పంతులమ్మ గారూ. కట్టలు కట్టి బల్ల మీద వదిలేశాను, అంతే. ముందు చెల్లితో కలిసి వాటితో ఇళ్లు కట్టాడు. తర్వాత ఇద్దరూ దుకాణం ఆట మొదలుపెట్టారు, పుల్లలే డబ్బులు. చెల్లి 27 అడిగింది. వాడి దగ్గర అయిదు కట్టలు, నాలుగు విడి పుల్లలు ఉన్నాయి. రెండు కట్టలు ఇచ్చాడు, నాలుగు విడివి ఇచ్చాడు, ఆగాడు. నేను ఇటు తిరిగి కూర్చున్నాను, చూడట్లేదన్నట్టు. కొంచెం సేపటికి రబ్బరు బ్యాండు తీసిన చప్పుడు వినిపించింది.

నిన్న వాడే కాగితం తెచ్చుకుని 61లోంచి 38 తీసివేత రాశాడు. పక్కన పుల్లలు పెట్టుకుని ఒకసారి, పుల్లలు లేకుండా ఒకసారి చేశాడు. రెండుసార్లూ 23 వచ్చింది. నా మొహం చూడలేదు, పుల్లల్నే చూశాడు.

ఇప్పుడు పది కట్టల్ని కలిపి ఒక పెద్ద కట్ట చేస్తే దాన్ని ఏమనాలని చెల్లి అడుగుతోంది. వాడు 'వంద' అని చెప్పి, కట్టడం మొదలుపెట్టాడు. ఇంట్లో రబ్బరు బ్యాండ్లు అయిపోయాయి.